మూత మీది ముక్కు

నేను ఒక పొడుం డబ్బీని. వెండిదాన్ని కాదు, దంతపుదాన్నీ కాదు. విరిగిపోయిన ఓడ చుక్కానిలోంచి కోసిన టేకుముక్కని. అరచేతిలో ఇమిడిపోతాను. నా గొప్పంతా నా మూత మీద ఉండేది. అక్కడ ఒక ముక్కు ఉండేది. మనిషి ముక్కే, కానీ సామాన్యమైంది కాదు. పైన సన్నగా బయలుదేరి, మధ్యలో గూనెత్తి, చివర రేగుపండంత ఉండతో ముగిసేది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని లాగితేనే నేను తెరుచుకునేదాన్ని. ఒకరి ముక్కు పట్టుకుని లాగే భాగ్యం మనిషికి రోజూ దొరకదు కనక, నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ ముందు ఒకసారి నవ్వేవారు.

మనుషుల మొహాల్లో నాకు బాగా తెలిసింది ముక్కొక్కటే. ఊపిరి పీల్చుకోమని దేవుడిచ్చిన ఆ కాస్త ఎముకకీ కండకీ వీళ్లు పెట్టని చాకిరీ లేదు. కోపం వస్తే దాని మీద కూర్చోబెడతారు. ఆశ్చర్యం వస్తే దాని మీద వేలు వేసుకుంటారు. రావలసింది రాకపోతే ఎదుటివాడి ముక్కు పిండుతారు, తప్పు చేసినవాడి ముక్కు నేలకు రాయిస్తారు, మాట వినని మొగుడికి తాడు వేసేది కూడా అక్కడే. ఇంగ్లీషువాళ్లూ ఇందులో తీసిపోలేదని తరవాత తెలిసింది. వాళ్లు ఎక్కువ ధర ఇచ్చుకుంటే ముక్కులోంచి ఇచ్చుకున్నామంటారు. దారి తెలియకపోతే ముక్కు వెంట నడవమంటారు. మన ముక్కుసూటి మనిషి సముద్రం అవతల కూడా ఉన్నాడన్నమాట.

నన్ను చేయించినవాడు పాస్కో దొర. దొర అని జనం అనడమే కానీ, బంగళా, గుర్రం, బిళ్ళబంట్రోతు ఏమీ లేని దొర. కోరంగి రేవులో ఏరు సముద్రంలో కలిసే మొగలోంచి ఓడలని ఇసుక మేటలు తప్పించి లోపలికి తీసుకురావడం అతని పని. చిన్నతనంలోనే ఓడెక్కి ఇల్లు విడిచి, అన్ని సముద్రాలూ తిరిగి, కోరంగిలో దిగి అక్కడే ఉండిపోయాడు. ఒకనాటి గాలివానకి ఒక ఓడ చుక్కాని విరిగితే, ఆ ముక్క తీసుకుని గంటయ్య అనే ఓడల వడ్రంగి దగ్గరికి వెళ్లి పొడుం డబ్బీ చెక్కమన్నాడు.

"మూతకి పిడి ఏటెట్టమంటారండీ?" అని గంటయ్య అడిగాడు.

పాస్కో దొర తన ముక్కు పట్టుకుని చూపించాడు. గంటయ్య హాస్యమని అనుకోలేదు. దొర ఆజ్ఞ అనుకున్నాడు. ఎదురుగా పీట వేసి కూర్చోబెట్టి, అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, ఆ ముక్కుని ఉన్నదున్నట్టు చెక్కేశాడు. మచ్చ కూడా వదల్లేదు. అలా నేను పుట్టాను.

కొన్నాళ్లకి ఏటి మొగ ఇసుకతో పూడిపోయింది. ఓడలు కాకినాడ దారి పట్టాయి. తీసుకురావడానికి ఓడలు లేక పాస్కో దొర ఏటిగట్టు మీద తన పెంకుటింటి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే పడవలని చూస్తూ ఉండేవాడు. అప్పుడే గవర్రాజు పంతులు వచ్చాడు.

గవర్రాజు పంతులుది పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. తండ్రి పంచాంగం చంకన పెట్టుకుని తిరిగిన ఊళ్లోనే కొడుక్కి ఇంగ్లీషు పిచ్చి పట్టింది. సంస్కృతం చదివాడు, తెలుగులో పద్యాలు అల్లుతాడు, రాజమండ్రిలో కొన్నాళ్లుండి ఇంగ్లీషు అక్షరాలూ వ్యాకరణమూ ముక్కున పట్టుకొచ్చాడు. మాట్లాడ్డం మాత్రం రాదు. ఊళ్లో ఇంగ్లీషు మాట్లాడే మనిషి పాస్కో దొర ఒక్కడే. వట్టి చేతులతో వెళ్లడమెందుకని పంతులు తను చేసిన పొడుం పట్టుకెళ్లాడు. పొగాకు ఈనెలు తీసి, పెనం మీద వెచ్చబెట్టి, మెత్తగా నూరి, కాస్త సున్నమూ ఆవునెయ్యీ కలిపి, గుడ్డతో జల్లించిన పొడుం. పాస్కో దొర ఒక పట్టు పట్టాడు. కళ్లు నీళ్లతో నిండాయి. ఆ రోజునించీ అతని ఇంగ్లీషూ ఇతని పొడుమూ చేతులు మారుతూ వచ్చాయి.

పంతులు భార్య సూరమ్మకి ఇది మొదట నచ్చలేదని తరవాత వాళ్లింట్లోనే విన్నాను.

"ఆ దొర డబ్బీలో మీరు వేళ్లు పెట్టడం ఏవిటండీ? తిండీ తిప్పలూ తేడా లేనివాడాయె," అంది.

"ముక్కుకి ఎంగిలి లేదే," అన్నాడు పంతులు. ఏ శాస్త్రంలో ఉందో చెప్పలేదు. వచ్చాక స్నానం మాత్రం చేసేవాడు. సూరమ్మ నూతి దగ్గర నీళ్లు తోడి సిద్ధంగా పెట్టేది. నేను చూసినంతలో మనుషుల ధర్మాలన్నీ ఇలాగే ఒక బిందె నీళ్లతో సర్దుకుంటాయి.

పాస్కో దొర తెలుగు గురించి ఒక మాట చెప్పాలి. అతను తెలుగు నేర్చుకున్నది పడవవాళ్ల దగ్గర. గెడ వేసేవాళ్లూ, తాళ్లు లాగేవాళ్లూ ఒకళ్లనొకళ్లు ఎలా పిలుచుకుంటారో అదే అతనికి వచ్చిన తెలుగు. మీరు, తమరు, గారు అనే మాటలు తెలుగులో ఉన్నాయని అతనికి తెలియదు. అందుకని నలుగురు శిష్యులు కాళ్లకి దణ్ణం పెట్టే గవర్రాజు పంతుల్ని అరుగు మీంచి కేకేసి పిలిచేవాడు.

"ఏరా పంతులూ! పొడుం తెచ్చేవేటి?"

దారిన పోయేవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. పంతులు మాత్రం "తెచ్చాను దొరా" అని అరుగెక్కేవాడు. పాస్కో దొరకి వచ్చిన మాటల్లో అదే ముద్దుమాట అని పంతులుకి తెలుసు. ఆ సంగతి అతను ఎవరికీ విడమరచి చెప్పలేదు. నాకు మాత్రం ఎలా తెలిసిందంటే, ఆ పిలుపు వినగానే పంతులు నడక వేగం అయ్యేది.

ఇంగ్లీషు కాస్త నాలిక మీదికి వచ్చాక పంతులు పౌరోహిత్యం వదిలేసి ఊళ్లో బడి పెట్టాడు. సాయం చేసింది ఓడల వ్యాపారి పిల్లా సత్తెన్న నాయుడు. తన గిడ్డంగి ఒకటి ఖాళీ చేయించి ఇచ్చాడు. బడి తెరిచిన రోజున పాస్కో దొర నన్ను పంతులు చేతిలో పెట్టాడు. "నా ముక్కు నీకాడ ఉంచుకోరా పంతులూ" అన్నాడు. అప్పటినించీ నేను పంతులు పంచె మడతలో, రొండిన ఉన్నాను. బల్లలూ, పలకలూ, ఎక్కాలూ, పిల్లల రొంపలూ అన్నీ చూశాను.

రేవు చచ్చిపోయిన ఊళ్లో బడి ఎన్నాళ్లు బతుకుతుంది? కుటుంబాలు ఒక్కొక్కటే కాకినాడ వెళ్లిపోయాయి. పిల్లలు పలచబడ్డారు. ఈ బడి ఉంచాలో మూసెయ్యాలో తేల్చడానికి ఇన్‌స్పెక్టరు దొర స్వయంగా వస్తున్నాడని కబురొచ్చింది. అతని పేరు గ్రీవ్స్ దొర. అప్పటికే ఏటి పొడుగునా చాలా బళ్లు మూయించి వస్తున్నాడన్నారు. నాయుడు పరుగెత్తుకొచ్చాడు.

"పంతులుగారూ, దొరగారు వత్తన్నారండి. ఆరి మనసు కరగాలండి. ఇంగిలీసులో మాంచి పత్రం ఒకటి రాసి సదవండి. ఇది పోయిందంటే మన ఊరికి ఇంకేటీ మిగల్దండి."

ఊరి సంగతి అలా ఉంచితే, పంతులుకి ఇంకేమీ మిగలదు. బడి మూతపడితే మళ్లీ తండ్రి పంచాంగం దులిపి, వదులుకున్న ఇళ్ల గుమ్మాల ముందే నిలబడాలి. అప్పుడే వద్దన్న పెద్దలు ఇప్పుడు ఏమంటారో అతనికి తెలుసు. ఆ వారమంతా అతను పొడుం పీల్చిన తీరు చూసి నాకే జాలేసింది. మాటిమాటికీ నా ముక్కు లాగుతాడు, లోపల ఏమీ లేకపోయినా లాగుతాడు.

గ్రీవ్స్ దొరని పంతులు ఒకసారి కాకినాడలో దూరంనించి చూశాడు. ఆ చూసినప్పుడు అతనికి కనిపించింది ముక్కే. ఎవరికైనా ముందు అదే కనిపిస్తుంది. దొర మలుపు తిరిగితే ముందు ముక్కు తిరిగి, తరవాత దొర తిరుగుతాడని కాకినాడలో చెప్పుకునేవారు. పంతులుకి అది హాస్యంగా తోచలేదు. ఇదీ కోటేరు ముక్కంటే, పురుషలక్షణమంటే ఇదీ అనుకున్నాడు. మన కవులు రాజుని పొగిడితే పాదాలనించి కిరీటం దాకా పొగుడుతారు కదా. తను అంత దూరం పోకుండా, దొరకి దేవుడిచ్చిన ఆ ఒక్క అవయవాన్నీ ఇంగ్లీషులో ఘనంగా వర్ణిద్దామని నిశ్చయించుకున్నాడు.

చిక్కెక్కడ వచ్చిందంటే, వర్ణనకి పర్యాయపదాలు కావాలి. సంస్కృతంలో ఒక్కో వస్తువుకి పది పేర్లుంటాయి. అన్నీ సభలో కూర్చోదగ్గవే. ఇంగ్లీషు కూడా పెద్ద భాషే కదా, అందులోనూ అలాగే ఉంటుందనుకున్నాడు. సంస్కృతం చదువుకున్న మనిషికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన ఇది. నేరుగా పాస్కో దొర దగ్గరికి వెళ్లి, ముక్కుకి మీ భాషలో ఎన్ని పేర్లున్నాయని అడిగాడు. ఎందుకో చెప్పలేదు. సభలో విని ఆనందిస్తాడని దాచిపెట్టాడు.

పాస్కో దొర ఉత్సాహంగా కాళ్లు బారజాపుకున్నాడు. ముక్కు మాటకి వస్తే ఓడల్లో బతికినవాడిని మించిన పండితుడు లేడు. ఒక్కో పేరుకీ ఒక్కో పట్టు పొడుం పీలుస్తూ చెప్పుకుపోయాడు.

కాంక్ అంటే ముక్కే. శంఖంలోంచి వచ్చిందని అంటారన్నాడు. శంఖం అనగానే పంతులు చేతులు జోడించాడు. బీక్ అంటే పక్షి ముక్కు. మనకీ పక్షికీ ఒకటే మాట కదా, ఇందులో తప్పేముంది అనుకున్నాడు. స్మెల్లర్ అంటే వాసన చూసేది. సంస్కృతంలోనూ గంధం మోసేదని ముక్కుకి పేరుంది, పంతులు ఉప్పొంగిపోయాడు. స్నీజర్ అంటే తుమ్మేది. నాజిల్ అంటే కొలిమి తిత్తి మూతి. హ్యాండిల్ అంటే మొహానికి పిడి. అది చెబుతూ పాస్కో దొర నా ముక్కు పట్టుకుని ఊపాడు. బోస్ప్రిట్ అంటే ఓడకి ముందువైపు నింగిలోకి పొడుచుకొచ్చే దూలం. ఓడ ఎంత గొప్పదో అది అంత పొడుగు. స్నిచ్ అనే మాట ఒకటి చెప్పి, అది ముక్కుకీ అంటారు, నాయకుడి దగ్గర చాడీలు చెప్పేవాడికీ అంటారు అన్నాడు. పంతులు జాగ్రత్తపరుడు, అది వదిలేశాడు.

"ఇంకా పెద్దది ఏదైనా ఉందా దొరా? పద్యం చివర పడేది?"

పాస్కో దొర తన ముక్కు చివరి ఎర్రటి ఉండని తడుముకున్నాడు. "గ్రాగ్ బ్లాసమ్" అన్నాడు. "ముక్కు మీద పూసే పువ్వురా పంతులూ. మారాజులక్కూడా పూత్తాది."

పువ్వు! నాసికని నువ్వుపువ్వుతో పోల్చని కవి మన దగ్గర లేడు. సముద్రం అవతల కూడా ముక్కు మీద పువ్వే పూసిందని పంతులు పరవశించిపోయాడు. గ్రాగ్ అంటే ఓడవాళ్లు తాగే సారా అనీ, అది తాగి తాగి ఎర్రబారి ఉబ్బిన ముక్కునే ఆ మాట చెబుతుందనీ పాస్కో దొర చెప్పలేదు. అడగలేదు కనక చెప్పలేదు. రోజూ తన మొహాన ఉన్నదాన్ని విడమరచాలని ఎవరికి తోస్తుంది?

గ్రీవ్స్ దొర వచ్చాడు. గిడ్డంగిని మామిడాకులతో కట్టారు. పిల్లలు లెక్కలు బాగానే చెప్పారు. దొర మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. పక్కన గుమాస్తా కూర్చున్నాడు, మద్రాసునించి వచ్చిన పడుచు దొర. వెనక బల్ల మీద పాస్కో దొర, తన పాత నీలం కోటు గుండీలన్నీ పెట్టుకుని, పెళ్లికొచ్చిన మేనమామలా కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు గుమ్మం పక్కన సూరమ్మ నిలబడి ఉంది. పంతులు రొండినించి నన్ను తీసి బల్ల మీద పెట్టుకుని, పత్రం విప్పి, గొంతు సవరించుకున్నాడు.

మొదటి రెండు వాక్యాలూ మామూలు పొగడ్త. మూడో వాక్యంలో శంఖంతో మొదలైంది. దొరగారి కాంక్ విద్యావిజయాన్ని పూరిస్తోందన్నాడు. దొరగారి స్మెల్లర్ అజ్ఞానాన్ని ఎంత దూరంనించైనా పసిగడుతుందన్నాడు. గుమాస్తా రుమాలు తీశాడు. విద్య అనే ఓడకి దొరగారి బోస్ప్రిట్ దారి చూపుతోందన్నాడు. గుమాస్తాకి దగ్గొచ్చింది. దొర చెవులు ఎర్రబడ్డాయి. తరవాత మెడ ఎర్రబడింది. నాయుడు అది సంతోషమనుకుని చప్పట్లు కొట్టాడు. ఊరంతా కొట్టింది.

"ఇట్టి మహామహుని ముఖమున వికసించిన ఈ గ్రాగ్ బ్లాసమ్..." అనే అర్థం వచ్చేలా పంతులు ఇంగ్లీషులో ఎత్తుకునేసరికి గుమాస్తా ఇక ఆపుకోలేకపోయాడు. రుమాల్లో మొహం దాచుకుని భుజాలు కదిలేలా నవ్వాడు.

పంతులు ఆగిపోయాడు. ఇన్నేళ్లుగా పిల్లల మొహాలు చూసినవాడు, నవ్వుల్లో తేడా తెలియదా? మెల్లగా తలెత్తి వెనక బల్ల వైపు చూశాడు. పాస్కో దొర మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయి ఉంది. అంతే, పంతులుకి అర్థమైంది. ఏ మాటకి ఏమర్థమో తెలియలేదు కానీ, తను ఏదో కూడని పని చేశాడని తెలిసింది. బడి ఇక లేదని కూడా తెలిసింది. 

గ్రీవ్స్ దొర తెలుగు మునిషీ దగ్గర నేర్చుకుని పరీక్ష ప్యాసైన మనిషి. గుమాస్తా వంక ఒక చూపు చూసి, పంతులు వైపు తిరిగి, పుస్తకంలోంచి తీసి చదివినట్టు అడిగాడు.

"ఈ పదములను మీకెవ్వరు నేర్పిరి?"

"మా పాస్కో దొరగారండీ! ఆ వెనకాల కూకున్నారు సూడండి!" అని నాయుడు గర్వంగా వేలు చూపించాడు.

"కాదండీ," అన్నాడు పంతులు. "నేనే ఎక్కడెక్కడో ఏరుకున్నాను. తప్పేవైనా ఉంటే నాది."

వెనక బల్ల కిర్రుమంది. పాస్కో దొర లేచాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంగ్లీషులో మాట్లాడాడు, నేను తెలుగులో చెబుతున్నాను.

"నేనే నేర్పాను అయ్యా. ముక్కుకి పేర్లు కావాలన్నాడు. నా దగ్గరున్నవన్నీ ఇచ్చాను. మంచివేవో చెడ్డవేవో నాకు తెలియదు, నేనెప్పుడూ మంచివాళ్ల మధ్య బతకలేదు. మీ ముందు చదువుతాడని తెలిస్తే నాలిక కోసుకునేవాణ్ణి. బడిని ఏమీ చెయ్యకండి."

 సూరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పంతులు కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. తరవాత తెలుగులోనే మాట్లాడాడు. ఆ వేళకి ఇంగ్లీషు మీద అతనికి నమ్మకం పోయినట్టుంది.

"అయ్యా, ఈయన నన్ను రోజూ 'ఏరా పంతులూ' అని పిలుస్తాడు. ఊరంతా వింటుంది. పడవవాళ్లు ఈయనకి నేర్పిన తెలుగు అదే. ఆ మాటలో ఎంత మర్యాద ఉందో నాకు తెలుసు, కనక ఎన్నడూ కోపం రాలేదు. ఈయన పడవల్లో మా భాష నేర్చుకున్నాడు, నేను ఈయన అరుగు మీద మీ భాష నేర్చుకున్నాను. తమరిని నేను ఇవాళ 'ఏరా' అనే ఉంటాను. నేను అనుకున్నది మాత్రం అది కాదు."

గ్రీవ్స్ దొర పంతులు మడిచిపెట్టిన కాగితం వైపు ఒకసారి చూశాడు. తరవాత, "మీరు తలంచినదేమి? మీ భాషలో చెప్పుడు" అన్నాడు.

పద్యం చెబుతాడనుకున్నాను. పద్యం చెప్పలేదు పంతులు. మామూలుగా, ఎదురింటివాళ్లతో మాట్లాడినట్టు చెప్పాడు.

"మా వేపు పిల్లవాణ్ణి చూడ్డానికి వెళ్తే ముందు ముక్కు చూస్తారండీ. కన్నుకి కాటుక పెట్టొచ్చు, జుట్టుకి నూనె రాయొచ్చు. ముక్కు మాత్రం దేవుడు దిద్దిందే. మనిషి చెయ్యి పెట్టడానికి లేదు. తమ ముక్కు లాంటిదాన్ని మేం కోటేరు ముక్కంటాం. నాగలికి కోటేరు ఉంటుంది, అలా తీర్చినట్టున్నదని. అది ఉన్నవాడు పదిమందిలో కనిపిస్తాడు, పదిమందిని పోషిస్తాడు అంటారు. మా ఆవిడకి కొడుకు పుడితే ఇలాంటి ముక్కుండాలని మొక్కుకున్నాను. పుట్టలేదు. అదండీ నేను అనుకున్నది."

గ్రీవ్స్ దొర చెయ్యి దానంతటదే పైకి లేచి ముక్కుని తాకింది. ఒక మనిషి తన ముక్కుని కొత్తగా పరిచయం చేసుకోవడం నేను చూసింది అదొక్కసారే. తరవాత అతని కన్ను నా మీద పడింది. వంగి నన్ను అందుకున్నాడు. నా ముక్కు చూశాడు, తలెత్తి పాస్కో దొర ముక్కు చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ముక్కు పట్టుకుని లాగి, పంతులు పొడుం ఒక పట్టు పట్టాడు.

ఆ ముక్కుకి తగ్గ తుమ్మే వచ్చింది. మామిడాకులు ఊగాయి.

"చిరంజీవ!" అన్నాడు పంతులు, అలవాటు కొద్దీ చెయ్యెత్తి. దొర కళ్లు తుడుచుకుని, కలం తీసి, గుమాస్తా పట్టుకొచ్చిన కాగితం మీద పెట్టబోయాడు. అందులో ఏం రాయబోతున్నాడో ఎవరికీ తెలియదు. నాయుడు మాత్రం ఒక్క గెంతులో ముందుకొచ్చాడు.

"ఆగండి బాబూ, ఆగండి! ఒంటి తుమ్మండి! సంతకం ఎట్టకండి!"

ఒంటి తుమ్ము మీద ఊళ్లో ఎవరూ గుమ్మం కూడా దాటరు, అలాంటిది బడి తలరాత రాయనిస్తారా? ఊరంతా లేచి నిలబడింది. వ్యాకరణమూ భూగోళమూ చెప్పే గవర్రాజు పంతులు కూడా రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. ఇంత జరిగినా అతనికి అప్పుడు వేసిన భయం అంతకుముందు వెయ్యలేదు. దొర అయోమయంగా చూస్తుంటే, రెండో తుమ్ము వస్తే శుభమని పంతులు విన్నవించుకుని, నా మూత తీసి ముందుకు చాచాడు.

గ్రీవ్స్ దొర బుద్ధిగా రెండో పట్టు పట్టాడు. అందరూ ఎదురుచూశారు. రాలేదు. గుమ్మంలోకి వచ్చి సూర్యుడి వైపు చూడమని నాయుడు సలహా ఇచ్చాడు. చూశాడు. అప్పుడొచ్చింది, మొదటిదాన్ని తలదన్నేది. ఊరు ఊరంతా "చిరంజీవ" అని కేకలు వేసింది. దొర పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే బడి ఉంచమని రాసి సంతకం పెట్టాడు. బడి నిలబడింది.

వెళ్లబోతూ పంతుల్ని పక్కకి పిలిచాడు. నేను రొండిన ఉన్నాను కనక విన్నాను.

"ఆ మాటలన్నియు నేను బాల్యమున బడిలో వినినవే. నా వెనుక నిలిచి పలికెడివారు. నా ఎదుట నిలిచి, ఇంత గౌరవముతో చదివినవాడవు నీవొక్కడవే," అన్నాడు. పరీక్ష ప్యాసైన తెలుగులో మీరు కాస్తా నీవు అయిపోయింది. అతను దిద్దుకోలేదు. పంతులూ దిద్దలేదు.

ఆ సాయంత్రం పంతులు ఏటిగట్టుకి వెళ్లాడు. అరుగు ఖాళీగా ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలిస్తే లోపలినించి పాస్కో దొర వచ్చి, గడప దగ్గరే నిలబడ్డాడు. నీలం కోటు ఇంకా విప్పలేదు.

"పంతులు గారూ," అన్నాడు కూడబలుక్కుని. "దయచెయ్యండి."

ఎవర్ని అడిగి నేర్చుకున్నాడో, మధ్యాహ్నమంతా ఆ రెండు ముక్కలూ వల్లించినట్టుంది. పంతులు మొహం చూశాను. గిడ్డంగిలో గుమాస్తా నవ్వినప్పుడు కూడా ఆ మొహం అంత చిన్నబోలేదు.

"గారేవిటి దొరా? నేను నీకేం అపకారం చేశాను?" అన్నాడు.  "ఎప్పట్లా పిలు. లేకపోతే నేను ఈ అరుగెక్కను."

పాస్కో దొర తలొంచుకున్నాడు. ఏటి మీద వెళ్తున్న ఒక పడవ వంక చూశాడు. తరవాత మెల్లగా, "ఏరా పంతులూ... పొడుం తెచ్చేవేటి?" అన్నాడు.

పంతులు నన్ను తీసి, ముక్కు అతని వైపు తిప్పి అందించాడు.

తరవాత చాలాకాలం అలాగే గడిచింది. చెప్పుకోదగ్గవి ఏమీ జరగలేదు, సుఖంగా ఉన్న రోజులంటే అవే కదా. ఒక వర్షాకాలం పాస్కో దొర జ్వరంతో పోయాడు. ఊరి చివర ఇంగ్లీషువాళ్ల గోరీల దొడ్డిలో గొయ్యి తీశారు. అతనివాళ్లంటూ ఎవరూ లేరు. నాయుడూ, పడవవాళ్లూ, గంటయ్య కొడుకూ, పంతులూ ఉన్నారు. బ్రాహ్మడు గోరీల దొడ్డిలో అడుగుపెట్టాడని ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. సూరమ్మ నూతి దగ్గర నీళ్లు తోడిపెట్టింది.

పెట్టె మూసేముందు పంతులు దాని దగ్గరికి వెళ్లాడు. పొడుం చల్లుతాడనుకున్నాను. రెండు చేతులతో నన్ను పట్టుకుని, నా ముక్కుని ఒక్క పెట్టున విరిచేశాడు. నాకు నొప్పి తెలియదు. చప్పుడు మాత్రం తెలుసు. ఆ ముక్కని పాస్కో దొర నీలం కోటు జేబులో పెట్టి, "నీ ముక్కు నీ దగ్గరే ఉంచుకోరా" అన్నాడు. ఎవర్నైనా పంతులు 'రా' అనడం నేను విన్నది అదే మొదలు, అదే ఆఖరు.

ఆపైన నన్ను తెరవాలంటే గోటితో మూత ఎత్తవలసి వచ్చేది. పంతులు గోళ్లు పొడుంతో గోధుమరంగు తిరిగాయి. కొత్త పిడి పెట్టించుకోమని సూరమ్మ ఎన్నిసార్లో చెప్పింది. పెట్టించుకోలేదు. అతని తరవాత సూరమ్మ నాలో లవంగాలు పోసుకుంది. ఆవిడ తరవాత చేతులు మారుతూ మారుతూ ఇప్పుడు ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో కూర్చున్నాను. ఒక పక్క చిల్లుపడ్డ గంట, ఒక పక్క తుప్పుపట్టిన లంగరు. సెలవురోజుల్లో జనం వస్తారు, అద్దానికి ముక్కులు ఆనించి చూస్తారు. రకరకాల ముక్కులు, ఒక్కోటీ అద్దం మీద ఒక్కో మచ్చ వదిలి వెళ్తుంది. ముక్కున్నంత కాలం పడిశం తప్పదంటారు. నాకు రెండూ లేవు.

నా ముందు ఒక చీటీ పెట్టారు. చెక్క డబ్బీ, కోరంగి ప్రాంతానిది, మూత మీది పిడి పోయింది అని రాశారు.

పోలేదు. ఎవరిదో వాళ్ల దగ్గరుంది.